శిల్పారామంలో కొన్న కలంకారీ కిమోనో, డచ్చివారి 'యాపొన్'

మాదాపూర్ శిల్పారామంలో, మచిలీపట్నం దగ్గరి పెడన అద్దకం బట్టలు అమ్మే ఒక దుకాణంలో నేను కొన్న కలంకారీ కిమోనో గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. అది మోకాళ్లు దాటి పిక్కల వరకు దిగే నూలు అంగీ. ముందు భాగమంతా తెరిచి ఉంటుంది, గుండీలు లేవు, అదే గుడ్డతో కుట్టిన పట్టీని నడుముకు కట్టుకోవాలి. చేతులు వెడల్పుగా, ఎక్కడా సన్నబడకుండా మోచేతులు దాటి వస్తాయి. ధర రెండు వేల రూపాయలకు కొంచెం లోపు. గుడ్డ విషయంలో ఆ ధరకు పూర్తి న్యాయం జరిగిందనీ, కుట్టు విషయంలో జరగలేదనీ ముందుగానే చెబుతున్నాను.

అంగీ మెడకు వేలాడదీసిన అట్టముక్క మీద 'జాపనీస్ స్టైల్ కిమోనో, హ్యాండ్ బ్లాక్ కలంకారీ' అని అచ్చువేశారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే జపాను కత్తిరింపును మన తీరాంధ్ర అద్దకంతో కలపాలన్న ఆలోచన ఈ కాలపు బొటీకులకు వచ్చినది కాదు. పదిహేడో శతాబ్దం ముగిసేలోపే ఆ రెండూ కలిశాయి. అలా కలిసి తయారైన అంగీ ఐరోపాలో ఒక దేశపు మగవారికి ఇంట్లో తొడుక్కునే దుస్తు అయింది. ఆ దుస్తు పేరే కాలక్రమంలో కుదించుకుని, ఇప్పటికీ ఆ దేశపు ఆడవారి గౌనుకు మాటగా నిలిచి ఉంది. ఆ దేశం నెదర్లాండ్స్, ఆ మాట యాపొన్. నేను కొన్న వస్తువును తూచడానికి ఆ మాట చరిత్ర కంటే మంచి తూనిక నాకు దొరకలేదు, ఎందుకంటే ఆనాటి డచ్చి కొనుగోలుదారు ఏ గుణాలకోసం ఆ అంగీని కోరుకున్నాడో, ఆ గుణాలనే నేనూ ఇందులో వెతికాను.

మాట పుట్టుక ఇలా జరిగింది. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1609లో జపానులోని హిరాదోలో కోఠీ, అంటే వర్తక కేంద్రం, తెరిచింది. పోర్చుగీసువారిని వెళ్లగొట్టిన తరువాత జపాను పాలకులు 1641లో డచ్చివారిని నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న కృత్రిమ ద్వీపానికి పరిమితం చేశారు. అక్కడి కోఠీ అధిపతి ఏటా ఎదో (నేటి టోక్యో) నగరానికి ప్రయాణమై వెళ్లి, జపాను సైనిక పాలకుడైన షోగును దర్శనం చేసుకుని, కానుకలు సమర్పించుకోవలసి ఉండేది. తిరుగు కానుకలుగా షోగును కొలువు నుంచి వారికి పట్టు అంగీలు లభించేవి. లోపల పట్టుదూది పరిచి, వదులుగా, వెచ్చగా, బరువు తెలియకుండా కుట్టిన ఆ అంగీలు ఓడలలో ఆమ్‌స్టర్‌డామ్ చేరాయి. చలిదేశంలో, పొయ్యి వేడి గది మూలలకు అందని ఇళ్లలో, బిగుతైన కోట్లతో విసిగిన వర్తకులకూ పండితులకూ అవి ఎంత నచ్చి ఉంటాయో ఊహించుకోవచ్చు. డచ్చి చిత్రకారుడు వెర్మీర్ 1668లో చిత్రించిన ఖగోళ శాస్త్రజ్ఞుడు, 1669లో చిత్రించిన భూగోళ శాస్త్రజ్ఞుడు ఇద్దరూ ఇటువంటి అంగీలనే తొడుక్కుని ఉంటారు. చదువు, తీరిక, కలిమి మూడింటికీ ఆ దుస్తు గుర్తుగా మారింది.

దానికి వారు పెట్టుకున్న పేరు యాపొన్సె రొక్. యాపొన్ అంటే ఆనాటి డచ్చిలో జపాను దేశం, రొక్ అంటే పైన తొడుక్కునే పొడుగు అంగీ. ఇప్పటి డచ్చిలో రొక్ అనే మాటకు ఆడవారు నడుము నుంచి కిందికి ధరించే స్కర్టు అని అర్థం మారింది కనుక, పాత పత్రాలను నేటి అర్థంతో చదివితే వెర్మీర్ పండితులు స్కర్టులు కట్టుకున్నట్టు అవుతుంది. జంట మాటలోని రెండో భాగం నాలుక మీద నుంచి క్రమంగా జారిపోగా, యాపొన్ ఒక్కటే మిగిలింది. అంటే దేశం పేరే దుస్తు పేరయింది. మగవారి ఇంటి అంగీకి చెల్లిన ఆ మాట తరువాతి కాలంలో ఆడవారి గౌనుకు మారింది. నేడు మామూలు గౌనును యుర్క్ అంటారు. యాపొన్ అంటే కొంచెం పెద్దరికం, వేడుక ధ్వనించే గౌను. పెళ్లికూతురి గౌనుకు త్రౌయాపొన్ అనే మాట ఉంది. రాత్రి పడుకునేటప్పుడు వేసుకునేది నాఖ్ట్‌యాపొన్. దానిని ఇంకా కుదించి నాఖ్ట్‌పొన్ అన్నారు. ఇళ్లలో చివరికి పొన్ అని మాత్రమే అన్నారు. జపాను అనే పేరులోని చివరి ముక్క ఒక్కటే మిగిలి నైటీకి మారుపేరు అయిందన్నమాట. మాటల చరిత్రలో ఇంత దూరం ఇంత స్పష్టంగా, మెట్టు తరువాత మెట్టుగా కనిపించే ఉదాహరణలు చాలా తక్కువ.

ఇక్కడ మనవారికి ఒక పొరపాటు సులువుగా తగలవచ్చు. ఫ్రెంచిలో లోపావడాను జూపొఁ అంటారు, ఆ మాట డచ్చిలోకీ వచ్చింది. ధ్వని దగ్గరగా ఉండడంతో యాపొన్‌ను దానికి చుట్టం చేయాలనిపిస్తుంది. కాని జూపొఁ పుట్టుక వేరు. అది జూప్ అనే మాట నుంచి, ఆ జూప్ అరబ్బీ జుబ్బా నుంచి వచ్చాయి. మన పెద్దలు తొడుక్కునే జుబ్బాకు కూడా మూలం అదే. ఇదే అంగీని ఇంగ్లీషువారు బనియన్ అన్నారు, గుజరాతీ వర్తకుల కులనామం పోర్చుగీసువారి ద్వారా వారికి చేరి దుస్తు పేరయింది, మనకు మాత్రం ఆ మాట చొక్కా లోపల వేసుకునే దానికి స్థిరపడింది. ఒకే అంగీని ఒకరు జపాను పేరుతో, ఒకరు గుజరాతు పేరుతో పిలిచారు. ఆ గుడ్డను అద్దిన తెలుగువారి పేరు మాత్రం ఎవరి మాటలోనూ చేరలేదు. ఈ వెలితి నాకు బాధ కలిగిస్తుంది, అట్టముక్క మీద జపాను పేరు పెద్దక్షరాలలో చూసినప్పుడు ఆ బాధ ఇంకొంచెం పెరిగింది.

తెలుగువారి భాగం ఇందులో చిన్నది కాదు. షోగును కానుకలుగా వచ్చే అంగీలు ఎప్పుడూ కొద్దిపాటివే, కోరేవారు మాత్రం ఏటేటా పెరిగారు. ఆ కొరత తీర్చడానికి కంపెనీ మన తూర్పు తీరమైన కోరమాండల్‌ను ఆశ్రయించింది. కత్తిరింపు జపానుదే, గుడ్డ మాత్రం పట్టుకు బదులు మన తీరపు అద్దకపు నూలు. డచ్చివారు మచిలీపట్నంలో కాలు మోపినది 1605లో. అప్పటికి పద్నాలుగేళ్ల కిందట, 1591లో, హైదరాబాదును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాయే గోల్కొండ సుల్తాను, మచిలీపట్నం ఆయన రాజ్యానికి ప్రధానమైన రేవు. వలందులు అని మన పూర్వులు పిలుచుకున్న ఆ డచ్చివారి పేరు నేటికీ మచిలీపట్నంలోని వలందపాలెంలో నిలిచి ఉంది. గోల్కొండ నుంచి మచిలీపట్నానికి సాగిన బండ్లదారికి ఇవతలి కొసన నిలబడిన ఊరిలో, పెడన గుడ్డతో కుట్టిన జపాను అంగీని కొనడం అంటే ఆ పాత వర్తకపు దారిలోనే ఇంకొక బేరం చేయడమని నేను అనుకుంటున్నాను.

డచ్చివారు ఈ అద్దకపు గుడ్డను సిత్స్ అంటారు. హిందీ ఛీంట్ నుంచి పోర్చుగీసువారి ద్వారా ఐరోపా భాషలలోకి ప్రవేశించిన మాట అది. ఇంగ్లీషులో చింట్జ్ అయింది. మన నానమ్మలు చీటిగుడ్డ అనీ, చీటి పరికిణీ అనీ అన్నది కూడా ఈ మాటనే. ఐరోపా దీనికి అంతగా లొంగిపోవడానికి అందం ఒక్కటే కారణం కాదు. ఉతికినా వెలిసిపోని రంగును నూలుకు పట్టించడం అప్పటికి అక్కడివారికి తెలియదు. తమ నేతగాళ్ల బతుకు దెబ్బతింటుందని ఫ్రాన్సు 1686లో భారతీయ అద్దకాలను నిషేధించింది, ఇంగ్లండు 1721 నాటి చట్టంతో వాటి వాడకాన్నే అడ్డుకుంది. డచ్చివారు మాత్రం అటువంటి నిషేధం పెట్టలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రిక్స్ మ్యూజియంలోనూ, లేవార్డన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలోనూ మన తీరపు గుడ్డతో కుట్టిన దుస్తులు ఇప్పటికీ రంగు చెడకుండా ఉండడానికి ఆ నిషేధం లేక వాడకం సాగడం కొంత కారణమైతే, మన రంగుల గట్టిదనం మిగతా కారణం.

కనుక ఈ అంగీకి నేను పెట్టిన మొదటి పరీక్ష రంగుదే. దుకాణదారును, "ఇది అచ్చు అద్దకమేనా, స్క్రీనా?" అని అడిగాను. "అచ్చేనండీ, తిరగేసి చూడండి, వెనకాల కూడా దిగి ఉంటుంది" అన్నారు ఆయన. తిరగేసి చూస్తే నలుపు గీతలు వెనకవైపు కూడా ఇంచుమించు అంత గట్టిగానే కనిపించాయి, ఎరుపు కొంచెం లేతగా కనిపించింది. తీగ మలుపు తిరిగేచోట ఒక అచ్చు ముగిసి ఇంకొకటి మొదలైన అతుకు దగ్గర నల్లగీత వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంది, పక్కనే ఒక ఆకు అంచును ఎరుపు దాటిపోయింది. స్క్రీను ముద్రణలో ఈ జరుగుడు సాధారణంగా కనిపించదు. ప్రతి పువ్వూ ముందు పువ్వుకు అచ్చు నకలుగా, వెనకవైపు పాలిపోయి ఉంటుంది. కలంకారీ అనే పేరుతో నగరంలో అమ్ముడుపోతున్న సరుకులో చాలా భాగం స్క్రీనుదే కనుక, కొనేవారు ఈ రెండు గుర్తులనూ చూసుకుని మరీ తీసుకోవాలి. ఎరుపు గురించి అడిగితే, "ఎరుపు ఆలిజరినండీ, నలుపు మాత్రం బెల్లం, ఇనుముతో చేసిందే" అని ఆయన దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీ నాకు గుడ్డ కంటే ఎక్కువగా నచ్చింది.

ఆ మాటకు అర్థం తెలియాలంటే పని తీరు కొంచెం తెలియాలి. గంజి పోయేలా ఉతికిన గుడ్డను కరక్కాయ నీటిలో, పాలు కలిపి ముంచి ఎండబెడతారు. పాల జిడ్డు రంగును పక్కకు పాకనివ్వదు. బెల్లం నీళ్లలో ఇనుపముక్కలు నానబెట్టి పులియబెట్టిన ద్రావణాన్ని టేకు అచ్చుతో అద్దితే, అది కరక్కాయ తగిలినచోటల్లా నల్లబడుతుంది. ఎరుపు రావలసినచోట అద్దేది రంగు కాదు, పటిక. దానిని పారే నీటిలో జాడించి, ఎర్రరంగు వేసిన రాగి డేగిసాలో ఉడికిస్తే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది, మిగతా నేల, అంటే పువ్వులు లేని గుడ్డ భాగం, తెల్లబడుతుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది. కృష్ణా ముఖద్వారం దగ్గరి నిజాంపట్నం ప్రాంతంలో పండిన వేరు ఇచ్చే ఎరుపు మరెక్కడా రాదని ఆనాటి ఐరోపా వర్తకులు రాసుకున్నారు. ఆ ప్రాంతంలో, అప్పుడు పెద్దపల్లి అని పిలిచిన ఊరిలో, డచ్చివారు 1606లోనే కోఠీ పెట్టారు. చిరివేరు తవ్వి తెచ్చే పని తగ్గిపోవడంతో కర్మాగారంలో తయారయ్యే ఆలిజరిన్ దాని స్థానంలోకి వచ్చింది. వేరులో రంగునిచ్చే పదార్థం కూడా ఆలిజరినే కనుక దీనిని నేను మోసంగా లెక్కించను, కాని పాత గుడ్డల ఎరుపులో కనిపించే లోతు ఇందులో లేదు.

ఇంటికి తెచ్చాక చల్లని నీటిలో కుంకుడు రసంతో విడిగా ఉతికాను. మొదటి ఉతుకుకు నీరు లేత గోధుమరంగుకు తిరిగింది. అది కరక్కాయ మిగులు. ఎరుపు చుక్క కూడా నీటిలో దిగలేదు. నీడలో ఆరిన తరువాత నేల మొదటికంటే తెల్లబడి పువ్వులు ఇంకా పైకి తేలాయి, గుడ్డ మెత్తబడింది. కొత్తలో ఉండే కరక్కాయ, పాలు కలిసిన వాసన కొందరికి పడదు, అది ఒకటి రెండు ఉతుకులకు పోతుంది. రంగు పరీక్షలో ఈ అంగీ నిస్సందేహంగా నెగ్గింది.

నమూనా ఎంపిక కూడా బాగుంది. లేత మీగడరంగు నేల మీద సన్నని తీగ మెలికలు తిరుగుతూ దానిమ్మ పువ్వులతో సాగుతుంది. ఐరోపా వర్తకులు తమ కొనుగోలుదారుల అభిరుచికి తగినట్టు నమూనాలు పంపి, నిండు ఎరుపు నేలకు బదులు తెల్లని నేల మీద పువ్వులు అడిగిన కాలం నుంచి ఈ తీరు మన తీరంలో స్థిరపడింది. అదే దుకాణంలో నీలిమందు రంగుతో, తెలుపు మీద నీలం పువ్వులతో ఇంకొక రకం ఉంది. నెదర్లాండ్స్ ఉత్తరభాగంలోని హిందెలోపెన్ అనే రేవు ఊరిలో ఆడవారు వెంత్‌కె అనే పొడుగు అంగీని మన సిత్స్‌తోనే కుట్టించుకునేవారు, అక్కడ నీలం తెలుపుల కలయిక మైలలో ఉన్నవారి ధారణ. ఇక్కడ మాత్రం నీలం రకమే ముందు అమ్ముడుపోతోందని దుకాణదారు చెప్పారు.

కొనేవారు ఒక భేదాన్ని మనసులో ఉంచుకోవాలి. డచ్చి మ్యూజియాలలోని మేలురకం అంగీల గుడ్డలు అచ్చులతో వేసినవి కావు, కలంతో గీసినవి. మన తీరంలో కొన్నేళ్లు కంపెనీ ఉద్యోగిగా పనిచేసిన డానియల్ హావార్ట్ 1693లో అచ్చయిన తన గ్రంథంలో, ఈ అద్దకపు పని నత్తనడకన సాగుతుందనీ, ఓర్పును బొమ్మ గీయదలచినవారికి పాలకొల్లు చిత్రకారుడిని మించిన నమూనా అక్కరలేదనీ భావం వచ్చేటట్టు రాశాడు. రెండు వేల లోపు ధరకు ఆ ఓర్పును ఆశించడం న్యాయం కాదు. ఇది పెడన టేకు అచ్చుల పని, ఆ పనిలో మంచి రకం. కలంతో గీసినది కావాలంటే శ్రీకాళహస్తి పనివారిని అడగాలి, ధర కూడా అందుకు తగినట్టు అనేక రెట్లు ఉంటుంది.

ఇక కుట్టు. యాపొన్సె రొక్ గొప్పతనంలో సగం దాని కత్తిరింపులో ఉంది. భుజం దగ్గర అతుకు లేకుండా గుడ్డ ముందు నుంచి వెనక్కు ఒకే పొడవుగా సాగాలి, చేయి నిటారుగా దానికి చేరాలి, ముందు రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటి చేతెడు మేర ఎక్కాలి. అప్పుడే కూర్చున్నా, వంగినా అంగీ విడిపోకుండా ఉంటుంది. నేను కొన్న అంగీలో భుజానికి అతుకు ఉంది, అది కూడా చిన్నపాటి వాలుతో, మామూలు కుర్తాకు వేసినట్టే వేశారు. అందువల్ల వీపు మీద గుడ్డ పడవలసినంత వదులుగా పడదు. ముందు రెక్కలు వెడల్పు చాలక, పట్టీ కట్టినా కూర్చోగానే మోకాళ్ల దగ్గర తెరుచుకుంటాయి. ఇంట్లో తొడుక్కునే దుస్తుకు ఇది పెద్ద లోపం. రెండు రెక్కల మీదా తీగ ఒకే ఎత్తులో కలవలేదు, ఎడమ రెక్క మీది పువ్వు కుడి రెక్క మీదికి వచ్చేసరికి సగానికి తెగింది. ఆనాటి అంగీలలో కొన్నింటికి కత్తిరింపు ఆకారాన్ని ముందే గుడ్డ మీద గుర్తించి, ఆ హద్దులలోనే పువ్వులు గీసేవారు. అంత కాకపోయినా, కత్తెర వేసేముందు గుడ్డను ఒక్కసారి జరిపి సరిచూసుకుంటే చాలు. లోపలి అంచులు ఓవర్‌లాక్ చేసి వదిలేశారు. ముందు భాగం తెరిచి ఉండే దుస్తులో లోపలివైపు కనిపిస్తూనే ఉంటుంది కనుక, అంచులు మడిచి కుట్టి ఉండవలసింది.

లైనింగు లేకపోవడాన్ని మాత్రం నేను లోపం అనను. ఆనాటి అంగీలకు లోపల ఇంకొక రంగు సిత్స్‌ను లైనింగుగా వేసి, మధ్యలో దూది పరిచేవారు. అది వారి చలికి తగిన ఏర్పాటు. హైదరాబాదు ఎండలకు ఒంటిపొర నూలే హాయి. ఏసీ ఆఫీసు గదిలో చొక్కా మీద వేసుకోవడానికీ, సాయంత్రం మిద్దె మీద గాలికి కూర్చోవడానికీ ఇది చక్కగా సరిపోతుంది. మా ఇంట్లో ఆడామగా ఇద్దరికీ సరిపోవడం నాకు ఇంకా సంతోషం కలిగించింది, ఎందుకంటే యాపొన్ అనే మాట కూడా మగవారి అంగీగా మొదలై ఆడవారి గౌనుగా మారినదే కదా. దుకాణం వారు మాత్రం దీనిని ఆడవారి వరసలోనే వేలాడదీశారు, కొలతలు కూడా ఆడవారివే పెట్టారు. ఆరడుగుల మగవారికి చేతులు పొట్టి అవుతాయి.

కుట్టు లోపాలన్నీ దుకాణదారుకు చూపించాను. ఆయన విసుక్కోకుండా విని, కొలతలిచ్చి ముందుగా చెబితే భుజం అతుకు లేకుండా, రెక్కలు వెడల్పుగా పెట్టి కుట్టిస్తామన్నారు. అందుకు గుడ్డ ఇంకొక మీటరు పడుతుంది, ధర మూడు, నాలుగు వందలు పెరుగుతుంది. అట్టముక్క మీద మచిలీపట్నం పేరు, పెడన పేరు, వీలైతే యాపొన్ అనే మాట కూడా వేయించమని అడిగితే, వివరాలు రాసి ఇమ్మన్నారు, రాసి ఇచ్చాను. తయారుగా వేలాడదీసినది మాత్రం తొందరపడి కొనవద్దని నా సలహా. చేతుల పొడవు, ఛాతీ కొలత, ముందు రెక్కల వెడల్పు కాగితం మీద రాసుకుని వెళ్లి, తీగ నమూనా ఉన్న గుడ్డ తానులోంచి మీకు నచ్చిన భాగాన్ని మీ ఎదుటే చింపించుకుని, కుట్టుకు ఇవ్వండి. శనాదివారాలలో అక్కడ రద్దీ ఎక్కువగా ఉంటుంది కనుక, గుడ్డను వెలుతురులో తిరగేసి చూసే తీరిక కావాలంటే వారం మధ్యలో, పగటిపూట వెళ్లడం మేలు.